అందరూ మీకే ఫోన్ చేస్తున్నారంటే పని ఇంకా మొదలవలేదు

ప్రశ్న: నా వయసు 27. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మేముంటున్న అద్దె ఇళ్ల సముదాయంలో నిర్వహణ ఖర్చుల పేరుతో యజమాని ఏటా డబ్బు పెంచుతూ పోయాడు. బిల్లులు అడిగి తీసుకుని చూస్తే ఒకే ఖర్చు రెండుచోట్ల రాసి ఉంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించాను, కమిటీ పెట్టాం, పెంచినదంతా వెనక్కి తీసుకునేలా చేశాం. అంత సంతోషంగా నేనెప్పుడూ పనిచేయలేదు. ఇప్పుడు ఏ గొడవ వచ్చినా అందరూ నాకే ఫోన్ చేస్తారు, కమిటీ సమావేశానికి మాత్రం ఎవరూ రారు. జనాన్ని సంఘటితం చేసే ఈ పనినే వృత్తిగా చేసుకోవాలని ఉంది. దానికి సోషల్ వర్క్ డిగ్రీ తప్పనిసరా? మైకు ముందు నిలబడితే నాకు గొంతు పెగలదు, అది పెద్ద లోపమా? ఇది ఉద్యోగం కాదు, సేవ అంటారు మా నాన్న. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీరు అడిగిన సంగతులు నాలుగు. అడగకుండా మధ్యలో చెప్పి వదిలేసిన మాట ఒకటుంది: గొడవ వస్తే అందరూ మీకే ఫోన్ చేస్తారు, సమావేశానికి మాత్రం రారు. మిగతావాటికి దారి కూడా అక్కడి నుంచే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీరు చేసింది మంచి పని. బిల్లులు అడిగే ధైర్యం, వాటిని కూర్చుని చదివే ఓపిక ఒకే మనిషిలో దొరకడం అరుదు. అయితే జరిగినదాన్ని ఒకసారి విడదీసి చూడండి. బిల్లులు చదివింది మీరు. ఇంటింటికీ తిరిగింది మీరు. యజమానితో మాట్లాడింది కూడా బహుశా మీరే. మిగిలినవాళ్లు సంతకం పెట్టారు, ఫలితం అందుకున్నారు. వాళ్ల దృష్టిలో ఆ సముదాయానికి ఫీజు అడగని మంచి వకీలు దొరికింది. వకీలుకి ఫోన్ చేస్తారు గానీ వకీలు పెట్టే సమావేశానికి ఎవరు వస్తారు? రేపు మీరు ఇల్లు మారితే అక్కడ మిగిలేది ఒక పాత సంతకాల కాగితం. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు జీతం తీసుకునేది, తాము వెళ్లిపోయాక కూడా అక్కడివాళ్లు తమ పని తామే నడుపుకునేలా చేసినందుకు. శిక్షణ అంతా దానికే.

అమెరికాలో జనాన్ని సంఘటితం చేసే పనికి పేరుపడ్డ సాల్ అలిన్‌స్కీ 1940లో షికాగోలో స్థాపించిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్ తన దగ్గర శిక్షణకు వచ్చినవాళ్లకు ఒక నియమం నూరిపోస్తుంది. దాన్ని వాళ్లు ఉక్కు నియమం అంటారు: జనం తాము చేసుకోగలిగిన పనిని వాళ్ల తరఫున మీరు ఎన్నడూ చేయకూడదు. వినడానికి తేలిక. ఆచరణలో మాత్రం, మీరు పది నిమిషాల్లో రాసేయగల అర్జీని పొరుగింటామె రెండు సాయంత్రాలు కూర్చుని కొట్టివేతలతో రాస్తుంటే చేయి పెట్టకుండా చూస్తూ ఉండాలి. లెక్కలు సరిచూసే అలవాటున్నవాళ్లకు ఇది మరీ నరకం.

దీన్ని అక్షరాలా పాటించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఓటరుగా నమోదు కావాలంటే చదవడం వచ్చని రుజువు చేసుకోవాలన్న నిబంధనను నల్లజాతి ప్రజలను ఓటుకు దూరం పెట్టడానికి వాడేవారు. 1957 జనవరిలో దక్షిణ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌లో వయోజనుల కోసం ఒక బడి మొదలైంది. దాని వెనక ఉన్న సెప్టిమా క్లార్క్ స్వయంగా దశాబ్దాల అనుభవమున్న ఉపాధ్యాయురాలు. అయినా పాఠం చెప్పడానికి ఆమె ముందుకు తెచ్చింది బెర్నిస్ రాబిన్‌సన్‌ను. ఈమె జుట్టు అలంకరణ పనితోనూ కుట్టుపనితోనూ బతికేది, బడిలో పాఠం చెప్పిన అనుభవమే లేదు. కావాలనే అలాంటి మనిషిని ఎంచుకున్నారు. పాఠం చెప్పే మనిషి చదువు రానివాళ్లను చిన్నచూపు చూడకూడదు, తెల్ల యజమాని పనిలోంచి తీసేస్తాడన్న భయం ఉండకూడదు. రాబిన్‌సన్ తెచ్చుకున్న పుస్తకాలు పక్కన పెట్టి, మీకేం నేర్చుకోవాలని ఉందని వచ్చినవాళ్లనే అడిగింది. ఉత్తరాలు రాసుకోవడం, మనియార్డర్ ఫారం నింపడం అన్నారు. పాఠం అక్కడ మొదలై ఓటరు నమోదు దాకా వెళ్లింది, ఆ నమూనా తర్వాతి సంవత్సరాల్లో దక్షిణాది అంతటా పాకింది. ఇందులో క్లార్క్ చేసిన పని చూడండి. తనకు బాగా వచ్చిన పనిని మరొకరి చేతిలో పెట్టింది.

మీ సముదాయంలోనూ ఒక రాబిన్‌సన్ ఉండే ఉంటుంది. ఆమెను కనిపెట్టడం నేర్చుకోవాలి. ఈ వృత్తిలో నేను మిగతా నైపుణ్యాలన్నిటికన్నా పైన పెట్టేది దీన్నే. ఇందుకు వాడే పద్ధతికి ఏ హంగూ లేదు: ఒక మనిషితో అరగంటో ముప్పావు గంటో విడిగా కూర్చుని మాట్లాడటం. సంతకం అడగడానికి వెళ్లినప్పుడు మీరు మాట్లాడిన తీరుకూ దీనికీ పోలికే ఉండదు. అప్పుడు మీ దగ్గర కాగితం ఉంది, సమస్య ముందే తెలుసు, రెండు నిమిషాల్లో తేల్చుకుని పక్క గుమ్మానికి వెళ్లాలి. ఇక్కడ ఏ కాగితమూ తీసుకువెళ్లరు. ఆయన ఈ ఇంట్లోకి ఎలా వచ్చారు, ఏ విషయం తలచుకుంటే కోపం వస్తుంది, ఇంతకుముందు ఎప్పుడైనా ఎవరికైనా ఎదురు నిలిచారా, అప్పుడు ఏమైంది, ఇలాంటివి అడుగుతారు. అడిగాక నోరు మూసుకుంటారు. కొత్తవాళ్లంతా తప్పేది ఈ రెండో భాగంలో. ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగగానే ఆ ఖాళీలోకి తమ ఉపన్యాసం దూర్చేస్తారు.

తప్పకుండా అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: మీకు కష్టం వస్తే ఇక్కడ మొదట ఎవరి తలుపు తడతారు? పదిమందిని అడిగేసరికి ఒకే పేరు మళ్లీ మళ్లీ వినిపించడం మొదలవుతుంది. ఆ పేరున్న మనిషి మీ కమిటీలో ఉండకపోవచ్చు. సమావేశంలో ఏనాడూ నోరు విప్పకపోవచ్చు. కమిటీలో గట్టిగా వాదించే పెద్దమనిషి పేరు మాత్రం ఎవరి నోటా రాకపోవచ్చు. గొంతు చూసి నాయకత్వం అంచనా వేసేవాళ్లు ఈ పనిలో తరచూ మోసపోతారు. అనుమానం ఉంటే ఒక చిన్న పని అప్పగించి చూడండి, శనివారం సాయంత్రానికి మీ అంతస్తులో ముగ్గురిని పిలుచుకు రండి అని. ఆమె వెంట ముగ్గురు వచ్చారంటే ఇక పరీక్షలు అక్కర్లేదు. మాట్లాడి వచ్చిన రాత్రే విన్నది రాసి పెట్టుకోండి. మర్నాటికి సగం మరిచిపోతారు.

మైకు విషయం ఇప్పుడు తేలిగ్గా తేలిపోతుంది. 1952లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఫ్రెడ్ రాస్ అనే ఆర్గనైజర్, సీజర్ చావెజ్ అనే మెక్సికన్ మూలాలున్న యువకుణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు. చావెజ్ మొదట తప్పించుకు తిరిగాడు. చివరికి తన ఇంట్లో కూర్చుందామని ఒప్పుకున్నాడు గానీ, ఈ తెల్లవాడిని ఏడిపించి పంపిద్దామని స్నేహితులను కూడా పిలిచాడు. తాను సిగరెట్టు ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంటే అదే గుర్తు. రాస్ హడావుడి చేయలేదు. ఆ పేటవాళ్ల ఇబ్బందులు ఒక్కొక్కటే ప్రస్తావించాడు, లాస్ ఏంజెలెస్‌లో జనాన్ని కొట్టిన పోలీసులకు శిక్ష పడేలా తమ సంస్థ ఎలా పోరాడిందో చెప్పాడు. సిగరెట్టు చేయి మారలేదు. చావెజ్ ఆ సంస్థలో పదేళ్లు పనిచేసి, 1962లో బయటికి వచ్చి వ్యవసాయ కార్మికుల సంఘం కట్టాడు. రాస్ ప్రధానంగా వాడింది ఇలాంటి ఇంటి సమావేశాలే. ఒకరి గదిలో కొద్దిమంది కూర్చుంటారు, వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ఈసారి మా ఇంట్లో పెడదామంటారు, అలా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి. మైకు అవసరమే లేదు.

పెద్ద సభ ఎప్పుడో ఒకప్పుడు తప్పదనుకోండి. అప్పుడైనా మైకు ఉండాల్సింది ఆ సమస్య అనుభవిస్తున్న మనిషి చేతిలో. మీ పని ముందురోజు ఆమెతో కూర్చుని రెండు నిమిషాల మాటను నాలుగైదుసార్లు చెప్పించడం, యజమాని మధ్యలో గద్దిస్తే ఏమనాలో మీరే యజమానిగా నటిస్తూ సాధన చేయించడం. గొంతు పెగలనివాళ్లకు ఆ భయం ఎక్కడ మొదలవుతుందో తెలుసు కాబట్టి ఈ సాధన వాళ్లు బాగా చేయిస్తారు. మంచి వక్తలను చూస్తేనే నాకు దిగులు. మైకు వదలరు.

ఇక డిగ్రీ. తప్పనిసరి కాదు. పెద్ద స్వచ్ఛంద సంస్థల్లోనో ప్రభుత్వ పథకాల్లోనో చేరాలంటే దరఖాస్తులో ఆ గడి నింపాల్సి వస్తుంది, అలాంటి చోట్లకు వెళ్లాలనుంటే చేయండి. సోషల్ వర్క్ చదువులో సముదాయాలతో పని ఒక మూల పద్ధతిగా చాలాకాలంగా ఉంది. మన దేశంలో 1936లో ముంబయిలో మొదలైన, ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ నుంచి ఆ చదువుకు పెద్ద చరిత్రే ఉంది. మంచి కోర్సులో విలువైన భాగం ఫీల్డ్ వర్క్, అందులోనూ వారం వారం మీ పనిని తరచి చూసే సూపర్‌వైజర్. ఆ మనిషి మంచివాడైతే ఆ చదువు బంగారం. సంతకం పెట్టి పంపించే రకమైతే మీకు నివేదికలు రాయడం అద్భుతంగా వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు. కాబట్టి చేరేముందు పాత విద్యార్థులను పట్టుకుని సిలబస్ గురించి కాక ఫీల్డ్ వర్క్ ఎవరు చూశారు, ఎంతసేపు కూర్చున్నారు అని అడగండి.

డిగ్రీ బయట చిన్న శిక్షణలు ఉన్నాయి. నేను చెప్పిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్ నడిపేది కొద్ది రోజుల శిక్షణే. 1973లో హెదర్ బూత్ షికాగోలో ప్రారంభించిన మిడ్‌వెస్ట్ అకాడమీ ఒక వ్యూహ పట్టిక నేర్పుతుంది. ఐదు నిలువు గడులు: ఏం సాధించాలి, మన సంస్థకు ఉన్న బలం ఎంత, మనవాళ్లెవరు ఎదుటివాళ్లెవరు, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఏ ఎత్తుగడ వేయాలి. నాలుగో గడిలో సంస్థ పేరు రాస్తే కుదరదు, అవునో కాదో చెప్పగల ఒక మనిషి పేరు రాయాలి. ఈ ఒక్క షరతు ఎన్ని ఊరేగింపులను ఆదా చేస్తుందో చెప్పలేను. చావెజ్ ఉద్యమంలో 16 ఏళ్లు పనిచేసి తర్వాత హార్వర్డ్‌లో బోధకుడైన మార్షల్ గాంజ్, మనిషి తన కథను, తనవాళ్ల కథను, ఇప్పుడు చేయాల్సిన పనిని కలిపి చెప్పడం ఎలాగో నేర్పుతాడు. అన్నీ పనికొచ్చేవే. కానీ ఏ శిక్షణలో అయినా నేర్చుకున్నది నిలబడేది మర్నాడు జనంలోకి వెళ్లి వచ్చాక ఎవరైనా కూర్చోబెట్టి అడిగితేనే: ఏమనుకుని వెళ్లావు, ఏం జరిగింది, ఎక్కడ తడబడ్డావు, ఆమె ఆ మాట అన్నప్పుడు నువ్వెందుకు విషయం మార్చావు? ఇలా అడిగే మనిషి ఉన్న చిన్న సంస్థను, అలా ఎవరూ లేని పేరున్న కోర్సుకన్నా ముందు ఎంచుకోండి.

చదువుకోవాలనిపిస్తే గొప్ప ప్రసంగాలు వదిలేసి ఏర్పాట్ల చరిత్ర చదవండి. అమెరికాలోని మోంట్‌గోమరీలో నల్లజాతి ప్రజలు సిటీ బస్సులు ఎక్కడం మానేసిన బహిష్కరణను, రోజా పార్క్స్ అనే ఆమె అలసిపోయి తెల్లవాళ్ల కోసం సీట్లోంచి లేవకపోవడంతో పుట్టుకొచ్చిన సంఘటనగా చెబుతుంటారు. ఆమె ఏళ్ల తరబడి అక్కడి పౌరహక్కుల సంఘం కార్యదర్శిగా పనిచేసింది, 1955 వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్‌లో ఉద్యమ కార్యకర్తల శిక్షణకు వెళ్లి వచ్చింది. ఆ ఊరి మహిళల సంఘం 1946 నుంచీ పనిచేస్తోంది, బహిష్కరణ తప్పదని మేయరును ముందే హెచ్చరించింది. 1955 డిసెంబరు 1న ఆమెను అరెస్టు చేసిన రాత్రే ఆ సంఘానికి చెందిన జో ఆన్ రాబిన్‌సన్ వేలకొద్దీ కరపత్రాలు తీయించింది. ఆ తర్వాత 381 రోజులు వేలమందిని సొంత కార్లలో పనులకు చేర్చారు. ఎవరి కారు, ఏ మూల ఆగుతుంది, పెట్రోలు ఖర్చు ఎవరిది, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాసిన జాబితాలే.

జాబితాలు, లెక్కలు అన్నాక మీ అకౌంట్స్ ఉద్యోగం గురించి చెప్పాలి. దాన్ని వదిలించుకోవాల్సిన గతంలా చూడకండి. 1990లో రాజస్థాన్‌లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల వేతనాల కోసం మొదలై లెక్కల దగ్గరికే వెళ్లింది. 1994 చివరి నుంచి ప్రజా విచారణలు పెట్టి ప్రభుత్వ పనుల బిల్లులు, హాజరు పట్టీలు గ్రామస్థుల మధ్య గట్టిగా చదివి వినిపించారు. పట్టీలో పేరున్న మనిషి లేచి నేనా పని చేయనేలేదంటే, కట్టినట్టు రాసిన కట్టడం ఎక్కడుందని మరొకరు అడిగారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా, ఆపై ఏళ్ల తరబడి సాగిన పోరాటం 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేశాయి. అక్కడ లెక్కలు ఒక నిపుణుడి బల్ల మీద తేలలేదు. ఆ లెక్క ఎవరి పేరు మీద రాశారో వాళ్ల ముందు తేలాయి. మీరు మీ బిల్లులను ఒంటరిగా చదివి ఫలితం చెప్పారు. వచ్చే ఏడాది ఆ బిల్లులే నలుగురు పొరుగువాళ్లతో కూర్చుని వాళ్ల చేత చదివించండి. రెండు గంటల పని రెండు వారాలు పడుతుంది, మరేం పర్వాలేదు.

మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. జీతం ఉంటుంది, మీకిప్పుడు వచ్చేదానికన్నా తక్కువ ఉండవచ్చు. జనం ఇళ్లల్లో ఉండేది సాయంత్రాలు, ఆదివారాలు కాబట్టి మీ పనివేళలూ అవే. అందుకు బదులు సెలవు ముందే రాసి పెట్టుకోనివాళ్లు కొన్నేళ్లలోనే చితికిపోవడం చూశాను. జీతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూసుకోవాలి. విరాళాలతో నడిచే ప్రాజెక్టులో గడువు తీరితే ఉద్యోగం తీరుతుంది, నిధులిచ్చినవాళ్లకు నచ్చే సమస్యే మీ సమస్య అవుతుంది. సభ్యత్వ రుసుముతో నడిచే సంఘాల్లో డబ్బు తక్కువ, కానీ సభ్యులు నిలదీస్తారు, అది ఆరోగ్యం. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే కార్మిక నాయకురాలు, ‘సేవా’ అని పిలిచే స్వయం ఉపాధి మహిళల సంఘాన్ని నమోదు చేయించడానికి వెళితే మీకు యజమాని ఎవరు, ఎవరితో పోరాడతారు అని అధికారులు అభ్యంతరం చెప్పారు. కార్మికుల ఐక్యత కోసమే సంఘం, ఎవరో ఒకరికి వ్యతిరేకంగానే ఉండనక్కర్లేదని వాదించి నమోదు చేయించుకున్నారు. సొంతంగా పనిచేసుకునే పేద మహిళలు ఏటా రుసుము కట్టి ఆ సంఘానికి యజమానులయ్యారు. నాన్నగారితో వాదన పెట్టుకోకండి. పైన చెప్పిన అరగంట సంభాషణ మొదట ఆయనతోనే చేయండి, ఆయన ఎప్పుడు ఎవరికి ఎదురు నిలిచారో అడగండి. చాలామంది పిల్లలకు ఈ సంగతే తెలియదు.

మొదలుపెట్టాల్సింది మీరున్న చోటే, ఉద్యోగం వదలకుండా. ఈసారి ఫోన్ మోగితే సమస్య వినండి, పరిష్కరించకండి. ఇదే ఇబ్బంది ఇంకెవరికి ఉంది, వాళ్లను మీరు కలుస్తారా, నేనూ వెంట వస్తాను అనండి. కొందరు విసుక్కుంటారు, కొందరు ఫోన్ మానేస్తారు, మానేయనివ్వండి. వారానికి రెండు సంభాషణలు చొప్పున చేస్తూ వెళ్లండి. ఎక్కువమందికి తగిలే, కొద్ది వారాల్లో గెలవగలిగే చిన్న సమస్య ఒకటి వాళ్లే ఎంచుకోవాలి. సమావేశం వేరొకరు నడపాలి. వస్తామన్నవాళ్లలో సగం మందే వస్తారని లెక్క వేసుకోండి, ఈ పనిలో అందరూ వాడే లెక్క అది. ముందురోజు మళ్లీ ఒకసారి గుర్తుచేయడం మానకండి. ఇది కాస్త కుదిరాక ఒక సమావేశానికి మీరు కావాలనే వెళ్లకండి. జరిగితే మీకు ఈ పని వస్తోందన్నమాట. జరగకపోతే ఎక్కడ మీ మీద ఆనుకున్నారో తెలుస్తుంది, మళ్లీ సంభాషణలకు వెళ్లండి.

అదే సమయంలో సెలవు రోజుల్లో పనిచేసేందుకు ఒక సంఘాన్నో సంస్థనో వెతుక్కోండి. తర్వాత వాళ్లే ఉద్యోగం ఇస్తామంటే జీతం మాట్లాడకముందు కొన్ని అడగండి. నా పనిని ఎవరు చూస్తారు, వారానికి ఎంతసేపు నాతో కూర్చుంటారు? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పటిదాకా? ఇంతకుముందు ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు? వాళ్లు కట్టిన సంఘాల్లో ఇప్పటికీ నడుస్తున్నవి ఏవి? ఈ చివరి ప్రశ్నకు ఫొటోల ఆల్బం చూపిస్తే, వాటిలో ఒక సంఘం సమావేశానికి వెళ్లి వెనక వరసలో కూర్చుని వస్తానని అడగండి. వద్దంటే మాత్రం అకౌంట్స్ ఉద్యోగానికి రాజీనామా రాయకండి, మరో సంస్థను చూసుకోండి.